వైరస్ అణిగినా రోగనిరోధక శక్తి ఎందుకు పూర్తిగా కోలుకోదు? హెచ్‌ఐవీ చికిత్సలో జీవక్రియల పాత్ర

ఒకే వ్యక్తికి ఒకే వారంలో చేసిన రెండు రక్తపరీక్షలు రెండు వేర్వేరు కథలు చెప్పడం హెచ్‌ఐవీ చికిత్సలో అరుదేమీ కాదు. మొదటి పరీక్షలో వైరస్ 'గుర్తించదగిన స్థాయిలో లేదు' అని వస్తుంది. రెండో పరీక్షలో సీడీ4 కణాల సంఖ్య మైక్రోలీటరు రక్తానికి 180 అని వస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఈ సంఖ్య సాధారణంగా 500 నుంచి 1,500 మధ్య ఉంటుంది. మందులు క్రమం తప్పకుండా వాడి, వైరస్‌ను పూర్తిగా అదుపులోకి తెచ్చుకున్న వ్యక్తికి రోగనిరోధక శక్తి మాత్రం తిరిగి రాలేదన్నది ఈ రెండు ఫలితాలను కలిపి చదివితే తేలే విషయం.

చికిత్స పొందుతున్నవారిలో ఇలాంటివారు, నిర్వచనాన్ని బట్టి, 10 నుంచి 40 శాతం వరకు ఉంటారని వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలు సూచిస్తున్నాయి. వీరికి క్షయ వంటి అంటువ్యాధుల ముప్పు, గుండె, కాలేయం, మూత్రపిండాల జబ్బుల ముప్పు ఇతరులకంటే ఎక్కువ. మందు పనిచేస్తున్నా శరీరం ఎందుకు కోలుకోవడం లేదన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు చాలాకాలం థైమస్ గ్రంథిలో, లింఫ్ గ్రంథుల్లో, పేగుల్లో సమాధానం వెతికారు. గత దశాబ్దంన్నర కాలంలో వారి దృష్టి మరో అంశంపైకీ మళ్లింది. అది రోగనిరోధక కణాలు తమకు కావలసిన శక్తిని ఎలా సమకూర్చుకుంటాయన్నది, అంటే వాటి జీవక్రియ.

చికిత్స సాధించింది, మిగిలిపోయింది

దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. మూడు రకాల మందులను కలిపి ఇచ్చే యాంటీ రెట్రోవైరల్ చికిత్స, అంటే ఏఆర్‌టీ, 1996 నుంచి ప్రపంచవ్యాప్తంగా ఈ వ్యాధి గతిని మార్చివేసింది. భారత ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ కార్యక్రమాన్ని ప్రారంభించింది. వ్యాప్తి అధికంగా ఉన్న ఆరు రాష్ట్రాలతో పాటు ఢిల్లీని తొలి దశకు ఎంపిక చేయగా, వాటిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో సీడీ4 సంఖ్య 200కు దిగువకు పడిపోయినవారికి, తీవ్ర లక్షణాలు ఉన్నవారికి మాత్రమే మందులు ఇచ్చేవారు. ఆ పరిమితి దశలవారీగా పెరిగింది. 2017 నుంచి సీడీ4 సంఖ్యతో నిమిత్తం లేకుండా, వ్యాధి నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ చికిత్స మొదలుపెట్టే విధానం అమల్లోకి వచ్చింది.

2023 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఖ్య 25 లక్షలకు పైమాటే. వయోజనుల్లో వ్యాప్తి జాతీయ సగటు 0.20 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో అది సుమారు మూడు రెట్లు, తెలంగాణలో రెట్టింపునకు పైగా ఉంది. వీరిలో చాలామంది పదిహేను, ఇరవై ఏళ్లుగా మందులు వాడుతున్నారు. ఒకప్పుడు కొన్నేళ్లకు మించి బతకరనుకున్నవారు ఇప్పుడు యాభై, అరవై ఏళ్ల వయసుకు చేరుకుంటున్నారు. ఇది చికిత్స సాధించిన విజయం. అయితే సీడీ4 సంఖ్య 200 కిందకు పడిపోయేదాకా మందులు అందని తరం కూడా వీరిలో ఉంది. రోగనిరోధక శక్తి పూర్తిగా కోలుకోని సమస్య ఎక్కువగా కనిపించేది ఇలాంటివారిలోనే.

రెండు పరీక్షలు, రెండు ప్రశ్నలు

వైరల్ లోడ్ పరీక్ష రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలుస్తుంది. సీడీ4 పరీక్ష ఆ వైరస్ దాడికి గురైన కణాలు ఎన్ని మిగిలాయో కొలుస్తుంది. మొదటిది మందు పనితీరుకు కొలమానం. రెండోది శరీరం స్థితికి కొలమానం. ఒకటి బాగుంటే రెండోది కూడా బాగున్నట్లేనని భావించడం పొరపాటు.

సీడీ4 కణాలు స్వయంగా సూక్ష్మక్రిములను చంపేవి కావు. ఏ క్రిమిపై ఎప్పుడు, ఎలా దాడి చేయాలో ఇతర రక్షణ కణాలకు సంకేతాలిచ్చే సమన్వయకర్తలు. హెచ్‌ఐవీ నేరుగా వీటిలోకే ప్రవేశిస్తుంది. విచిత్రమేమిటంటే, చనిపోతున్న కణాల్లో అధిక భాగం వైరస్ పూర్తిగా స్థిరపడినవి కావు. వైరస్ లోపలికి చొరబడినా తన పని పూర్తి చేయలేకపోయిన సందర్భాల్లో, ఆ ప్రమాదాన్ని పసిగట్టిన కణం తనను తానే దహించుకుంటుంది. లింఫ్ కణజాలంలో నశించే సీడీ4 కణాల్లో 95 శాతానికి పైగా ఈ తరహాలోనే చనిపోతాయని శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ ఇన్‌స్టిట్యూట్స్ పరిశోధకులు 2014లో వెల్లడించారు. అలా చనిపోయిన కణం నుంచి వెలువడే రసాయనాలు ఆ పరిసరాల్లో శోథను రేపుతాయి. శోథ మరిన్ని కణాలను అక్కడికి రప్పిస్తుంది. వచ్చినవి మళ్లీ వైరస్‌కు చిక్కుతాయి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. వైరస్ గుర్తించదగిన స్థాయిలో లేని వ్యక్తి నుంచి లైంగిక సంబంధం ద్వారా హెచ్‌ఐవీ ఇతరులకు సోకదు. సీడీ4 సంఖ్య తక్కువగా ఉన్నంత మాత్రాన ఈ వాస్తవం మారదు. సీడీ4 తగ్గుదల ఆ వ్యక్తి సొంత ఆరోగ్యానికి సంబంధించిన హెచ్చరిక మాత్రమే.

కోలుకోవడంలో రెండు దశలు

మందులు మొదలుపెట్టిన తొలి కొద్ది నెలల్లో సీడీ4 సంఖ్య వేగంగా పెరుగుతుంది. ఇదంతా కొత్తగా పుట్టిన కణాల వల్ల కాదు. అప్పటిదాకా శోథ కారణంగా లింఫ్ గ్రంథుల్లో చిక్కుకుపోయిన పాత కణాలు, వైరస్ తగ్గడంతో తిరిగి రక్తంలోకి వస్తాయి. పరీక్షలో సంఖ్య పెరిగినట్లు కనిపించడానికి ప్రధాన కారణం అదే.

అసలైన పునర్నిర్మాణం రెండో దశలో, నెమ్మదిగా, ఏళ్ల తరబడి సాగుతుంది. ఇంతకుముందు ఏ క్రిమినీ ఎదుర్కోని కొత్త కణాలు థైమస్ గ్రంథిలో తయారై బయటకు రావాలి. ఛాతీ ఎముక వెనుక ఉండే ఈ గ్రంథి బాల్యంలో చురుగ్గా ఉండి, యుక్తవయసు తర్వాత క్రమంగా కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. ఇరవై ఐదేళ్ల వయసులో చికిత్స ప్రారంభించిన వ్యక్తికీ, యాభై ఐదేళ్లకు ప్రారంభించిన వ్యక్తికీ కోలుకునే తీరులో తేడా ఉండటానికి ఇది ముఖ్య కారణం.

మరో అడ్డంకి లింఫ్ గ్రంథుల్లో ఉంటుంది. ఈ గ్రంథుల్లోని సున్నితమైన అల్లికపైనే సీడీ4 కణాలు నిలదొక్కుకుని, తమ మనుగడకు అవసరమైన సంకేతాలను అందుకుంటాయి. దీర్ఘకాలిక శోథ వల్ల ఆ అల్లికలో కొల్లాజెన్ పేరుకుని, మానిన పుండు మచ్చ వలె గట్టిపడుతుంది. కొత్త కణాలు పుట్టినా నిలవడానికి చోటు దొరకదు. చికిత్స ఎంత ఆలస్యమైతే ఈ మచ్చ అంత ముదురుతుంది. ఒకసారి ముదిరిన మచ్చను మందులు చెరపలేవు.

మూడో అడ్డంకి పేగుల్లో ఉంది. శరీరంలోని సీడీ4 కణాల్లో గణనీయమైన భాగం పేగుల లోపలి పొరలో ఉంటుంది. హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లోనే, చాలాసార్లు వ్యాధి ఉన్నట్లు కూడా తెలియకముందే, వీటిలో అధిక భాగం నశిస్తుంది. ముఖ్యంగా పేగు గోడను పటిష్ఠంగా ఉంచే రకం కణాలు తగ్గిపోతాయి. దాంతో పేగుల్లో ఉండాల్సిన బాక్టీరియా శకలాలు కొద్దికొద్దిగా రక్తంలోకి చేరతాయి. దీర్ఘకాలిక హెచ్‌ఐవీలో రోగనిరోధక వ్యవస్థ నిరంతరం ఉద్రేకంలో ఉండటానికి ఈ లీకేజీ ఒక కారణమని అమెరికా పరిశోధకులు 2006లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో చూపారు. చికిత్సతో ఇది తగ్గుతుంది కానీ పూర్తిగా ఆగదు.

కణం దేన్ని ఇంధనంగా వాడుతోంది?

ఈ నిరంతర ఉద్రేకానికీ, సీడీ4 కణాలు తగ్గిపోవడానికీ మధ్య ఉన్న లంకెను వివరించేదే జీవక్రియ.

విశ్రాంతి స్థితిలో ఉన్న సీడీ4 కణానికి పెద్దగా శక్తి అవసరం లేదు. మైటోకాండ్రియా అనే సూక్ష్మ అవయవాల్లో గ్లూకోజ్‌ను, కొవ్వు ఆమ్లాలను ఆక్సిజన్ సాయంతో పూర్తిగా దహించి, పొదుపుగా శక్తిని సంపాదిస్తుంది. పాత ఇన్‌ఫెక్షన్లను గుర్తుంచుకుని ఏళ్ల తరబడి జీవించాల్సిన జ్ఞాపక కణాలకు ఈ పద్ధతే ఆధారం. క్రిమి ఎదురైనప్పుడు మాత్రం కణం వేగంగా విభజన చెందాలి. సంకేత రసాయనాలను ఉత్పత్తి చేయాలి. అప్పుడది గ్లూకోజ్‌ను పెద్ద ఎత్తున లోపలికి తీసుకుని, గ్లైకాలిసిస్ అనే హడావుడి పద్ధతిలో సగంలోనే విచ్ఛిన్నం చేస్తుంది. ఒక గ్లూకోజ్ అణువు నుంచి ఈ పద్ధతిలో నికరంగా లభించే ఏటీపీ శక్తి అణువులు రెండే. మైటోకాండ్రియా పద్ధతిలో అవి సుమారు ముప్పై. అయినా వేగమూ, కొత్త కణాల నిర్మాణానికి కావలసిన ముడిసరుకూ మొదటి పద్ధతిలోనే లభిస్తాయి. గడ్డిమంటకూ, పాలు కాగే పిడకల దాలికీ ఉన్న తేడా వంటిదే ఇది. అవసరానికి గడ్డిమంట కావాలి. కానీ రోజంతా దానిమీదే వంట సాగదు.

హెచ్‌ఐవీలో జరిగేది సరిగ్గా ఇదే. క్రిమి దాడి ముగిశాక విశ్రాంతికి రావలసిన కణాలు గ్లూకోజ్ మంటలోనే ఉండిపోతాయి. గ్లూకోజ్‌ను కణంలోకి చేరవేసే గ్లట్1 అనే ప్రోటీన్‌పై మెల్‌బోర్న్‌లోని బర్నెట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అధ్యయనం చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఈ ప్రోటీన్‌ను అధికంగా ధరించిన సీడీ4 కణాల వాటా పెరిగిందనీ, అలాంటి కణాలు ఎంత ఎక్కువగా ఉంటే మొత్తం సీడీ4 సంఖ్య అంత తక్కువగా ఉంటోందనీ వారు గుర్తించారు. ఇలా గ్లూకోజ్‌ను అధికంగా వినియోగించే కణాలు వైరస్‌కు సులభంగా లొంగుతాయి కూడా. తన నకళ్లను తయారు చేసుకోవడానికి వైరస్‌కు కావలసిన ముడిసరుకు అలాంటి కణంలోనే సమృద్ధిగా దొరుకుతుంది.

నిరంతరం ఉద్రేకంలో ఉన్న కణం త్వరగా అలసిపోతుంది. దాని మైటోకాండ్రియా బలహీనపడతాయి. అవసరమైనప్పుడు విభజన చెందే శక్తి తగ్గుతుంది. వయసు మీరిన కణాల లక్షణాలు అకాలంలోనే కనిపిస్తాయి. చికిత్స వైరస్‌ను ఆపుతుంది కాబట్టి ఈ మంట చాలావరకు తగ్గుతుంది. కానీ పేగుల లీకేజీ, కణజాలాల్లో దాగివున్న వైరస్ అవశేషాలు, సైటోమెగలోవైరస్ వంటి ఇతర ఇన్‌ఫెక్షన్లు దాన్ని పూర్తిగా ఆరనివ్వవు.

ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం విషయంలోనూ ఇలాంటి దుబారాయే జరుగుతుంది. పప్పులు, పాలు, గుడ్లు, మాంసం ద్వారా అందే ఈ పోషకం నుంచే మెదడుకు అవసరమైన సెరటోనిన్ తయారవుతుంది. దీర్ఘకాలిక శోథ ఉన్నప్పుడు శరీరం ట్రిప్టోఫాన్‌ను కైన్యురెనిన్ అనే మరో పదార్థంగా మార్చేస్తుంది. ఈ మార్గంలో పుట్టే రసాయనాలు పేగు గోడను కాపాడే సీడీ4 కణాలను మరింత తగ్గిస్తాయి. పేగు గోడ బలహీనపడితే లీకేజీ పెరుగుతుంది. లీకేజీ పెరిగితే శోథ పెరుగుతుంది. శోథ పెరిగితే ట్రిప్టోఫాన్ వ్యయం మళ్లీ పెరుగుతుంది. ఈ వలయం అంత సులభంగా తెగదు.

పాత మందులు మిగిల్చిన జాడ

కణాల మైటోకాండ్రియాను దెబ్బతీయడంలో తొలితరం మందులకు కూడా పాత్ర ఉంది. దేశంలో ఉచిత చికిత్స ప్రారంభమైన రోజుల్లో స్టావుడిన్ విరివిగా వాడిన మందు. ధర తక్కువ కావడంతో లక్షల మంది ప్రాణాలను అది నిలబెట్టింది. అయితే మైటోకాండ్రియా తన డీఎన్‌ఏను నకలు చేసుకోవడానికి వాడే ఎంజైమ్‌ను ఆ మందు అడ్డుకునేది. ఫలితంగా బుగ్గల్లో, చేతుల్లో, కాళ్లలో కొవ్వు కరిగిపోవడం, అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు, కొందరిలో ప్రాణాంతకమైన లాక్టిక్ ఆమ్ల సమస్య తలెత్తేవి. పీక్కుపోయిన బుగ్గలను చూసి ఇరుగుపొరుగు వ్యాధిని పసిగడతారన్న భయంతో మందులు మానేసినవారూ ఉన్నారు. స్టావుడిన్ వాడకాన్ని దశలవారీగా నిలిపివేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. ఇప్పుడు వాడుతున్న టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలయికకు మైటోకాండ్రియాపై అలాంటి దుష్ప్రభావం చాలా తక్కువ. కానీ పాత మందులు ఏళ్ల తరబడి వాడినవారి శరీరంలో ఆ గాయం ఆనవాళ్లు కొంతవరకు మిగిలే ఉంటాయి.

సంఖ్య పెరిగితే సరిపోతుందా?

సీడీ4 సంఖ్యను ఏదో ఒక మందుతో పెంచేస్తే సమస్య తీరుతుంది కదా అన్న ఆలోచన సహజం. ఆ ప్రయత్నం పెద్ద ఎత్తునే జరిగింది. సీడీ4 కణాల పెరుగుదలకు తోడ్పడే ఇంటర్‌ల్యూకిన్-2 అనే పదార్థాన్ని ఏఆర్‌టీతో పాటు ఇచ్చి ఫలితాలను పరిశీలించేందుకు ఎస్‌ప్రిట్, సిల్‌క్యాట్ అనే రెండు అంతర్జాతీయ ట్రయల్స్ నిర్వహించారు. రెండింటిలో కలిపి సుమారు 5,800 మంది పాల్గొన్నారు. 2009లో వెలువడిన ఫలితాలు వైద్య ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాయి. ఇంటర్‌ల్యూకిన్-2 పొందినవారిలో సీడీ4 సంఖ్య గణనీయంగా పెరిగింది. కానీ అంటువ్యాధులు గానీ, మరణాలు గానీ తగ్గలేదు.

ఈ వైఫల్యం నేర్పిన పాఠం విలువైనది. రక్తంలో కనిపించే కణాల సంఖ్య ఒక సూచిక మాత్రమే. అదే ఆరోగ్యం కాదు. ఆ కణాలు కొత్త క్రిములను గుర్తించగలగాలి. అవసరమైనప్పుడు చురుగ్గా స్పందించి, పని పూర్తయ్యాక విశ్రాంతికి రాగలగాలి. ఈ సామర్థ్యం వాటి శక్తి వినియోగంతో ముడిపడి ఉంది. అందుకే పరిశోధనలు ఇప్పుడు కణాల సంఖ్యను పెంచడంపై కాక, వాటి జీవక్రియను సరిదిద్దడంపై కేంద్రీకృతమవుతున్నాయి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్‌ను మధుమేహం లేని హెచ్‌ఐవీ రోగులకు కొన్ని వారాల పాటు ఇచ్చి కెనడా పరిశోధకులు చేసిన ఒక చిన్న ప్రాథమిక అధ్యయనం ఈ కోవలోనిదే. ఇలాంటి ప్రయోగాలు ఇంకా చికిత్సగా మారే దశకు చేరలేదు. వీటిని చూసి ఎవరూ సొంతంగా మందులు వాడకూడదు.

బరువు, చక్కెర, గుండె

కణాల స్థాయిలో జరిగే మార్పులు ఒక ఎత్తయితే, మొత్తం శరీరం జీవక్రియ మరో ఎత్తు. ఈ రెండూ పరస్పరం ప్రభావితమవుతాయి. పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు కేవలం నిల్వ ఉండే పదార్థం కాదు. అది శోథను పెంచే రసాయనాలను విడుదల చేస్తుంది. అంటే ఊబకాయం, మధుమేహం రోగనిరోధక వ్యవస్థ ఉద్రేకానికి ఆజ్యం పోస్తాయి.

చికిత్స మొదలయ్యాక బరువు పెరగడం చాలావరకు మంచి పరిణామం. వ్యాధి వల్ల చిక్కిపోయిన శరీరం తిరిగి పుంజుకుంటోందనడానికి అది సంకేతం. కొందరిలో మాత్రం ఆ పెరుగుదల అవసరానికి మించి సాగుతుంది. దక్షిణాఫ్రికాలో వెయ్యి మందికి పైగా పాల్గొన్న అడ్వాన్స్ ట్రయల్ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. డోలుటెగ్రవిర్ ఉన్న మందుల కలయికలు వాడినవారిలో, ముఖ్యంగా మహిళల్లో, బరువు ఎక్కువగా పెరిగినట్లు ఆ ఫలితాల్లో తేలింది. టెనోఫోవిర్ అలఫెనమైడ్ అనే కొత్త రూపంతో కలిపి వాడినప్పుడు ఈ పెరుగుదల మరింత అధికంగా ఉంది. వైరస్‌ను అణచడంలో డోలుటెగ్రవిర్ సామర్థ్యం అత్యుత్తమం కాబట్టి బరువు భయంతో దాన్ని మానడం ప్రాణాలతో చెలగాటమే అవుతుంది. బరువును ముందునుంచే గమనించుకోవడం మాత్రం అవసరం.

భారతీయులకు ఈ జాగ్రత్త మరింత ముఖ్యం. దక్షిణాసియా ప్రజలకు పాశ్చాత్యులకంటే తక్కువ బరువులోనే, తక్కువ వయసులోనే మధుమేహం వస్తుంది. అందుకే శరీర ద్రవ్యరాశి సూచిక పాశ్చాత్యులకు 25 దాటితే అధిక బరువుగా లెక్కిస్తుండగా, భారతీయులకు 23 నుంచే జాగ్రత్తపడాలని వైద్యులు సూచిస్తున్నారు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహ రోగుల సంఖ్య 10 కోట్లు దాటింది. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు ఈ వెల్లువకు వెలుపల ఏమీ లేరు.

గుండె విషయంలో మాత్రం స్పష్టమైన ఆశారేఖ కనిపించింది. హెచ్‌ఐవీ అదుపులో ఉండి, గుండెపోటు ముప్పు తక్కువ నుంచి మధ్యస్థంగా ఉన్న 40 నుంచి 75 ఏళ్ల వయసువారు 7,769 మందిపై భారత్ సహా 12 దేశాల్లో రిప్రీవ్ ట్రయల్ జరిగింది. కొలెస్ట్రాల్ తగ్గించే పిటావాస్టాటిన్ మాత్రను రోజూ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి తీవ్ర సంఘటనలు 35 శాతం తగ్గినట్లు 2023లో ప్రకటించారు. ప్రయోజనం స్పష్టంగా కనిపించడంతో ట్రయల్‌ను నిర్ణీత గడువుకన్నా ముందే ముగించారు. కొలెస్ట్రాల్ అంత ఎక్కువగా లేనివారిలో కూడా ఈ మేలు కనిపించడం విశేషం.

దాచిపెడితే వచ్చే చిక్కు

మందుల మధ్య వైరుధ్యం చాలామంది దృష్టికి రాని అంశం. డోలుటెగ్రవిర్ వాడుతున్నప్పుడు శరీరంలో మెట్‌ఫార్మిన్ స్థాయి పెరుగుతుంది. అందువల్ల ఈ రెండూ కలిపి వాడేవారికి మెట్‌ఫార్మిన్ రోజువారీ మోతాదు సాధారణంగా 1,000 మిల్లీగ్రాములు మించకుండా వైద్యులు చూస్తారు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులు డోలుటెగ్రవిర్ ఒంటబట్టకుండా అడ్డుకుంటాయి. వాటికి కనీసం 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ డోలుటెగ్రవిర్ వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ ఇదే వ్యవధి వర్తిస్తుంది. భోజనంతో పాటు అయితే కలిపి వేసుకోవచ్చు.

ఇవన్నీ పాటించాలంటే మధుమేహానికి చికిత్స చేసే వైద్యుడికి రోగి ఏఆర్‌టీ వాడుతున్న సంగతి తెలియాలి. ఆచరణలో చాలామంది ఏఆర్‌టీ కేంద్రానికి ఒక ఊరు, చక్కెర జబ్బుకు మరో ఊరు వెళ్తారు. ఒకచోటి చీటీ మరోచోట చూపించరు. వివక్ష ఎదురవుతుందన్న భయమే ఇందుకు కారణం. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం వైద్యశాలల్లో వివక్షను నిషేధించింది. రోగి సమ్మతి లేకుండా ఆ వివరాలు బయటపెట్టకూడదని నిర్దేశించింది. చట్టం కాగితంపైనే మిగిలితే ఆ మూల్యాన్ని రోగి తన ఆరోగ్యంతో చెల్లించాల్సి వస్తుంది.

ఇప్పుడు చేయగలిగినవి

రోగనిరోధక శక్తి కోలుకోనివారికి ప్రత్యేకమైన మందు ఇంతవరకు లేదు. చేయగలిగినవి మాత్రం చాలానే ఉన్నాయి. వాటిలో మొదటిది త్వరగా చికిత్స ప్రారంభించడం. సీడీ4 సంఖ్య 500కు పైగా ఉన్నప్పుడే మందులు మొదలుపెట్టినవారిలో తీవ్ర అనారోగ్యం లేదా మరణం ముప్పు 57 శాతం తక్కువగా ఉన్నట్లు 2015లో వెలువడిన స్టార్ట్ ట్రయల్ తేల్చింది. సీడీ4 పడిపోయేదాకా ఆగినవారితో పోల్చి చూపిన తేడా ఇది. లింఫ్ గ్రంథుల్లో మచ్చ పడకముందే, థైమస్ ఇంకా చురుగ్గా ఉన్నప్పుడే మందు మొదలైతే కోలుకోవడం సులభమన్నది ఇందులోని అంతరార్థం.

రెండోది మధ్యలో మానకపోవడం. సీడీ4 బాగున్నప్పుడు మందులు ఆపి, తగ్గినప్పుడు మళ్లీ ఇవ్వడం మంచిదా అని పరీక్షించిన స్మార్ట్ ట్రయల్‌లో 5,472 మంది పాల్గొన్నారు. మందులు ఆపినవారిలో అంటువ్యాధులు, మరణాల ముప్పు రెట్టింపునకు పైగా పెరిగిందనీ, గుండె, మూత్రపిండాలు, కాలేయ సమస్యలు కూడా అధికమయ్యాయనీ 2006లో వెల్లడైంది.

మూడోది, సీడీ4 తక్కువగా ఉన్నంతకాలం రక్షణ కవచాన్ని తొలగించకపోవడం. వైరల్ లోడ్ బాగుందన్న ధీమాతో కోట్రైమాక్సజోల్ మాత్రలను, క్షయ నివారణ కోర్సును మధ్యలో వదిలేయకూడదు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు కనిపిస్తే వెంటనే క్షయ పరీక్ష చేయించుకోవాలి. చికిత్స ప్రారంభించిన తొలి నెలల్లో ఈ లక్షణాలు అకస్మాత్తుగా పెరిగితే భయపడి మందులు మానకూడదు. మేల్కొంటున్న రోగనిరోధక వ్యవస్థ అప్పటిదాకా దాగివున్న క్రిమిపై ఒక్కసారిగా విరుచుకుపడటం వల్ల కూడా అలా జరుగుతుంది. వైద్యుల పర్యవేక్షణలో దాన్ని అదుపు చేయవచ్చు.

నాలుగోది శరీరం జీవక్రియను కాపాడుకోవడం. చక్కెర, కొలెస్ట్రాల్, రక్తపోటు, నడుము చుట్టుకొలతలను ఏటా చూపించుకోవడం, పొగాకు మానడం, రోజూ నడవడం, తెల్లన్నం తగ్గించి పప్పులు, ఆకుకూరలు పెంచడం ఖరీదైన పనులేమీ కావు. ఇవి సీడీ4 సంఖ్యను రాత్రికి రాత్రి పెంచవు. ఉన్న కణాలపై అనవసర భారం పడకుండా చూస్తాయి.

ఈ అంశాలపై సందేహాలున్నవారు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఉచిత సహాయవాణి 1097ను సంప్రదించవచ్చు.

వైరస్ కనిపించడం లేదన్న ఫలితం అందుకున్న వ్యక్తి సంతోషించడంలో తప్పు లేదు. ఇరవై ఏళ్ల కిందట ఆ మాట వినే అవకాశమే చాలామందికి దక్కలేదు. అయితే ఆ సంతోషంలో రెండో కాగితాన్ని మడిచి జేబులో పెట్టేయకూడదు. సీడీ4 సంఖ్య ఎంత, అది ఏ దిశగా సాగుతోంది, చక్కెర ఎంత, కొలెస్ట్రాల్ ఎంత అన్న ప్రశ్నలు కూడా అదే సందర్శనలో వైద్యుడిని అడిగి తెలుసుకోవాలి. వైరస్‌ను ఆపడం మందు పని. శరీరం కోలుకుందో లేదో గమనించుకోవడం రోగి, వైద్యుడు కలిసి చేయవలసిన పని.